శ్రీకాకుళంలో మూడు నెలల డ్యూటీ పడిందా? పని చెడకుండా ఆదివారాలు ఇలా వాడుకోండి

శ్రీకాకుళానికి డెప్యుటేషన్ పడినవాళ్లు, కంపెనీ పని మీద కొన్నాళ్లు వెళ్లేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలు రెండే. ప్రతి వారం హైదరాబాద్ వచ్చి పోవచ్చా? రాకపోతే అక్కడ ఆదివారం ఏం చేయాలి?

మొదటిదానికి నా సమాధానం: వద్దు. పోను ఒక రాత్రి, రాను ఒక రాత్రి రైల్లోనే గడిచిపోతుంది. మధ్యలో మిగిలే ఒక్క పగలు ఇంట్లో నిద్రకే సరిపోతుంది. సోమవారం ఆఫీసులో మీరు ఉన్నా లేనట్టే. నెలకోసారి ఇంటికి వెళ్లండి, మిగతా ఆదివారాలు అక్కడే ఉండండి. ఎలాగో కింద వరసగా రాశాను. ఎక్కువగా రాసింది ప్రభుత్వ ఉద్యోగులను దృష్టిలో పెట్టుకునే. ప్రైవేటు వాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- డెప్యుటేషన్ ఆర్డర్, పాత ఆఫీసు ఇచ్చిన రిలీవింగ్ ఆర్డర్, అక్కడ ఇచ్చిన జాయినింగ్ రిపోర్టు. ఒక్కోటి నాలుగు జిరాక్సులు, ఫోన్‌లో ఫొటోలు.
- ఆధార్‌తో వెరిఫై అయిన ఐఆర్‌సీటీసీ ఖాతా. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఇది తప్పనిసరి. ఊరు వెళ్లాక ఓటీపీ రావడం లేదని టెన్షన్ పడేకంటే బయల్దేరే ముందే చేసుకోండి.
- పెద్ద అక్షరాల క్యాలెండర్ ఒకటి. రెండో శనివారాలు, పండుగలు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి.
- టోపీ, లీటరు నీళ్ల సీసా, చిల్లర, పవర్ బ్యాంకు.
- వీలైతే మీ సొంత బండి. రైలు పార్శిల్‌లో పంపొచ్చు, కానీ ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్సీ జిరాక్సు ఉండాలి. లేకపోయినా పర్లేదు, కింద చెప్పిన చోట్లలో చాలావాటికి బస్సులో వెళ్లి రావచ్చు.

1. మొదటి రెండు రోజుల్లో సెలవుల లెక్క తేల్చుకోండి

సచివాలయంలో, శాఖాధిపతుల కార్యాలయాల్లో పనిచేసి వచ్చినవాళ్లకు వారానికి ఐదు రోజుల పని అలవాటై ఉంటుంది. జిల్లా ఆఫీసుల్లో అలా కాదు. శనివారం పనిదినమే, రెండో శనివారం ఒక్కటే సెలవు. అంటే మూడు నెలల్లో మీకు వరసగా రెండు రోజులు దొరికేది మూడుసార్లే. పండుగ ఆదివారం పక్కన పడితే అదనం. ఈ లెక్క తెలియకుండా శుక్రవారం రాత్రికి టికెట్లు కొని, తర్వాత క్యాన్సిల్ చేసుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

సోమవారం సంగతి కూడా చూసుకోండి. కలెక్టరేట్‌లో జనం అర్జీలు ఇచ్చే ప్రజా సమస్యల పరిష్కార వేదిక సోమవారమే జరుగుతుంది. మీ శాఖకు అందులో పని ఉంటే ఆ రోజు ఆలస్యంగా వస్తే కుదరదు. కాబట్టి ఏ ట్రిప్పయినా ఆదివారం రాత్రి తొమ్మిదికల్లా గదిలో ఉండేలా వేసుకోండి. సోమవారం తెల్లవారుజామున రైలు దిగి నేరుగా ఆఫీసుకు పోదామన్న ప్లాన్ పెట్టుకోవద్దు. రైలు రెండు గంటలు లేటయితే మొత్తం తలకిందులవుతుంది.

జిల్లా దాటి వెళ్లాలంటే, సెలవు రోజైనా సరే, హెడ్‌క్వార్టర్స్ విడిచే అనుమతి తీసుకోండి. రెండు వాక్యాల అర్జీ చాలు. ‘ఆదివారమే కదా, ఎవరు అడుగుతారు’ అనుకోవద్దు. తుపాను డ్యూటీ పడిన రోజే అడుగుతారు.

హాజరు యాప్‌లో మీ లొకేషన్ పాత ఆఫీసుకే ఉండిపోయిందేమో చూసుకోండి. మార్పించారో లేదో తెలియాలంటే మూడో రోజు మీ హాజరు రిపోర్టు తెరిచి మొదటి రెండు రోజులూ పడ్డాయా అని చూడండి. క్లర్కు ‘అయిపోయింది సార్’ అన్నంత మాత్రాన అయిపోయినట్టు కాదు.

2. బస: పని ఎక్కడో చూసి ఎంచుకోండి

టౌన్‌లో పని అయితే ఆర్టీసీ కాంప్లెక్స్ పరిసరాలు, లేదా డే అండ్ నైట్ జంక్షన్ వైపు. బస్సులు దగ్గర, హోటళ్లు దగ్గర. మూడు నెలలకు ఇల్లు అద్దెకు తీసుకుంటే అడ్వాన్సు, గ్యాసు, మంచం అంటూ మొదటి నెలంతా దానికే పోతుంది. నెలవారీ రేటు మాట్లాడుకుని లాడ్జిలోనో, పీజీలోనో ఉండటం నయం. ప్రభుత్వ గెస్ట్ హౌస్ దొరికితే మంచిదే, కానీ పెద్దవాళ్లు ఎవరైనా జిల్లాకు వస్తే గది ఖాళీ చేయాల్సి వస్తుంది. పక్కన ఇంకో చోటు చూసి ఉంచుకోండి.

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో పనైతే కళ్లు మూసుకుని శ్రీకాకుళంలో దిగిపోకండి. అది రణస్థలం మండలంలో, హైవే మీద విశాఖ వైపు ఉంటుంది. విజయనగరంలో ఉండి రావడం మీకు సులువేమో ముందు కంపెనీ బస్సు రూటు అడగండి. మీ వారపు సెలవు ఆదివారం కాకపోతే మరీ మంచిది. కింద చెప్పే గుళ్లన్నీ జనం లేకుండా చూస్తారు.

3. రైలు టికెట్లు మొదటి వారంలోనే

రైల్వే స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. అది టౌన్‌లో లేదు, ఆమదాలవలసలో ఉంది. సుమారు 13 కిలోమీటర్లు. యాప్‌లో కోడ్ సీ, హెచ్, ఈ. చెన్నైదేమో అనుకుని వదిలేస్తుంటారు. అది శ్రీకాకుళానికి బ్రిటిష్ వాళ్లు పెట్టుకున్న పాత పేరు చికాకోల్ నుంచి వచ్చిన కోడే.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఇంటికి వెళ్లే రెండు మూడు ట్రిప్పులకూ రాను పోను టికెట్లు ఒకే రోజు కూర్చుని చేసేయండి, 60 రోజులు దాటినవి తర్వాత. దొరక్కపోతే తత్కాల్: ముందు రోజు ఉదయం ఏసీకి 10, స్లీపర్‌కు 11 గంటలకు.

ప్రత్యామ్నాయం: విశాఖపట్నం వరకు రైలు, అక్కడి నుంచి ఆర్టీసీ. విశాఖలోనే ఆగిపోయే రైళ్లు చాలా ఉన్నాయి కాబట్టి టికెట్ దొరికే అవకాశం ఎక్కువ. విశాఖ నుంచి శ్రీకాకుళం 110 కిలోమీటర్లు, నాన్‌స్టాప్ బస్సులో రెండున్నర గంటలు వేసుకోండి. టౌన్‌లోనే దిగుతారు. ఆమదాలవలసలో అర్ధరాత్రి ఆటో బేరం బాధ ఉండదు.

ఆంధ్రప్రదేశ్ చిరునామాతో గుర్తింపు కార్డు ఉన్న మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. నాన్‌స్టాప్ ఎక్కే ముందు అది ఉచితం కిందికి వస్తుందో లేదో కండక్టర్‌ను అడగండి. తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లు టికెట్ తీసుకోవాల్సిందే.

4. ఆదివారాన్ని గురువారం కాపాడుకోవాలి

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. శనివారం సాయంత్రం ఐదింటికి హెడ్డాఫీసు నుంచి ఫోన్ వస్తుంది, ‘సోమవారం పొద్దున్నకల్లా రిపోర్టు కావాలి’ అని. ఆదివారం పోతుంది.

గురువారం మధ్యాహ్నం ఒక పని చేయండి. ఈ వారం ఎవరెవరికి ఏ సమాచారం ఇవ్వాలో రాసుకుని, పై అధికారికి మీరే ఫోన్ చేసి ‘సార్, ఇవి కాక ఇంకేమైనా కావాలా’ అని అడగండి. అడిగిన రోజు వాళ్లకూ గుర్తొస్తుంది, మీ చేతిలో ఇంకా రెండు పనిదినాలు ఉంటాయి. మండలాల నుంచి రావాల్సిన లెక్కలకు శుక్రవారం సాయంత్రమే గడువు పెట్టండి. శనివారం పెడితే అవి సోమవారమే వస్తాయి.

తాత్కాలికంగా వచ్చినవాళ్ల మీద స్థానిక సిబ్బందికి మొదట్లో కాస్త అనుమానం ఉంటుంది, తప్పులు వెతకడానికి వచ్చారని. మొదటి వారం ఫైళ్ల కంటే టీ కొట్టు దగ్గర ఎక్కువ పని జరుగుతుంది. ఎవరైనా ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్లండి. ఏ బస్సు నిజంగా నడుస్తుందో, ఏ గుడి ఎప్పుడు మూస్తారో వాళ్ల దగ్గరే తెలుస్తుంది.

హెచ్చరిక: ఆఫీసు బండిలో ట్రిప్పులకు వెళ్లకండి. డ్రైవరే ‘రండి సార్, నేను తీసుకెళ్తా’ అన్నా సరే. లాగ్ బుక్ ఆడిట్‌కు వచ్చేటప్పటికి మీరు అక్కడ ఉండరు, సంతకం మాత్రం ఉంటుంది.

5. కొన్ని చోట్లకు పనిరోజుల్లోనే వెళ్లండి

అరసవల్లి సూర్యదేవాలయం టౌన్‌లోనే ఉంది. సూర్యుడి వారం కాబట్టి ఆదివారం విపరీతమైన జనం. మంగళవారమో బుధవారమో పొద్దున్నే ఆరింటికి వెళ్లండి, ఎనిమిదికి టిఫిన్ చేసి ఆఫీసుకు చేరొచ్చు. సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడేది ఏడాదికి రెండుసార్లు, మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో. మబ్బు పడితే కనిపించదు, ఆశ పెట్టుకుని వెళ్లొద్దు. మీ మూడు నెలల్లో రథసప్తమి ఉంటే ఆ రెండు మూడు రోజులూ టౌన్‌లో లాడ్జి గది దొరకదు. ఇంటినుంచి ఎవరినీ అప్పుడు రమ్మనకండి.

పొందూరు సుమారు 20 కిలోమీటర్లు. కొండపత్తితో, వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసే ఖాదీ ఇక్కడిది. మగ్గాలు, వడకడం చూడాలంటే పనివేళల్లోనే వెళ్లాలి. ఆదివారం తలుపులు మూసి ఉంటే ఊరికే తిరిగొస్తారు, ముందు ఫోన్ చేసుకోండి. కొనేటప్పుడు ఖాదీ సంఘం దుకాణంలో, బిల్లుతో తీసుకోండి. బట్టను వెలుతురుకు పట్టి చూస్తే నూలు అక్కడక్కడ సన్నంగా, లావుగా కనిపించాలి. అంతా గీత గీసినట్టు ఒకేలా ఉంటే మిల్లు నూలేమో అనుమానించండి. వంద కౌంట్ (బాగా సన్నటి నూలు) పంచె ధర వింటే గుండె ఆగుతుంది. వెనుక ఉన్న చేతిపని చూశాక ఆ ధర తక్కువే అనిపిస్తుందని నా అభిప్రాయం.

6. సగం పూట ఆదివారం: శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం

మొదటి ఆదివారానికి ఇదే పెట్టుకోండి. మూడూ గార మండలం వైపే.

పొద్దున్న ఆరింటికి బయల్దేరితే అరగంటలో శ్రీకూర్మం. విష్ణువు కూర్మ రూపంలో ఉండే గుడి. రెండు ధ్వజస్తంభాలు, ప్రదక్షిణ మండపం గోడల మీద పాత చిత్రాలు చూడకుండా రావద్దు. దర్శనం చేసుకుని వచ్చేసేవాళ్లే ఎక్కువ. ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. వాటిని ముట్టుకోకండి. బయట ఎవరైనా పిల్ల తాబేలు అమ్ముతామంటే అక్కడి నుంచి వచ్చేయండి, కొనడం, పెంచడం రెండూ నేరం.

అక్కడి నుంచి శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాల శిథిలాలు. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి పంతులు. పైన పెద్దగా నీడ ఉండదు. ఎండాకాలంలో తొమ్మిది దాటితే ఎక్కొద్దు. కొండ మీద నుంచి నది మలుపు బాగా కనిపిస్తుంది.

చివర కళింగపట్నం. ఒకప్పటి రేవు, ఇప్పుడు బీచ్, లైట్‌హౌస్. వంశధార సముద్రంలో కలిసేది ఇక్కడే, కాబట్టి ఆ మొగ దగ్గర నీళ్లలో దిగకండి. పైకి ప్రశాంతంగా ఉన్నా అడుగున ఒరవడి లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లకే ఈ మాట ముఖ్యంగా.

బస్సులో అయితే మూడూ ఒకే పూట కష్టం. శ్రీకూర్మం ఒక ఆదివారం, మిగతా రెండూ ఇంకో ఆదివారం పెట్టుకోండి. లేదా ఇద్దరు ముగ్గురు కలిసి ఆటో పూర్తిగా మాట్లాడుకోండి. ‘మూడు చోట్లు, వెయిటింగ్‌తో కలిపి’ అని ముందే తేల్చుకోవాలి. మధ్యాహ్నం బయల్దేరాల్సి వస్తే వరస తిప్పండి. మధ్యాహ్నం గుడి మూసి ఉంటుంది కాబట్టి నాలుగింటికి శాలిహుండం, సాయంత్రం బీచ్, తిరిగొచ్చేటప్పుడు శ్రీకూర్మం.

7. పూర్తి ఆదివారం: ఒక్కటే ఎంచుకోండి

శ్రీముఖలింగం, సుమారు 46 కిలోమీటర్లు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. ముఖలింగేశ్వరాలయం చూసి వెనుదిరగకండి. కాస్త దూరంలో ఉన్న సోమేశ్వరాలయం, భీమేశ్వరాలయం కూడా చూడండి. నా మట్టుకు జిల్లాలో ఒక్కటే చూసే వీలుంటే ఇదే చూడమంటాను. శివరాత్రికి మాత్రం వద్దు, శిల్పం చూడటానికి నిలబడే చోటే ఉండదు.

తేలినీలాపురం, టెక్కలి దగ్గర. అక్టోబరు నుంచి మార్చి లోపల మీ డ్యూటీ ఉంటేనే. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. పొద్దున్నే లేదా సాయంత్రం వెళ్లండి. ఏప్రిల్లో వెళ్తే చెట్లే చూసి వస్తారు. మీరు జూన్ నుంచి నవంబరు మధ్య ఉంటే ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి, అక్కడ నత్తగుల్ల కొంగలు.

పలాస, బారువ. రైల్లో పలాస చేరి, అక్కడి నుంచి ఉద్దానం కొబ్బరి తోటల మీదుగా బారువ బీచ్‌కు. తిరుగుదారిలో కాశీబుగ్గలో జీడిపప్పు. కొనేటప్పుడు నంబరు చూడండి. డబ్ల్యూ 240 అంటే పెద్ద పప్పు, 320 అంటే చిన్నది. పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క అది. ఒకటి విరిచి చూడండి, టక్కుమని విరగాలి. మెత్తగా వంగినా, నూనె వాసన వచ్చినా పాతది.

8. ఇంటికి వెళ్లని రెండో శనివారం: జిల్లా దాటండి

అరకు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా విశాఖ, రాత్రి అక్కడే. శనివారం పొద్దున్నే అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ లైన్లో 58 సొరంగాలు ఉన్నాయి. రాత్రి అరకు, ఆదివారం బొర్రా గుహలు, తిరుగు ప్రయాణం శృంగవరపుకోట, విజయనగరం మీదుగా. మళ్లీ విశాఖ దాకా దిగనక్కర్లేదు. నవంబరు నుంచి జనవరి వరకు గది దొరికాకే రైలు టికెట్ చేయండి.

చిల్కా. శ్రీకాకుళం రోడ్ నుంచి రైల్లో రెండు రెండున్నర గంటల్లో బరంపురం. ఒక రోజు గోపాల్‌పూర్ బీచ్, రెండో రోజు రంభలో చిల్కా సరస్సు మీద పడవ. బరంపురంలో తెలుగు మాట్లాడేవాళ్లు కావాల్సినంత మంది, భాష సమస్య లేదు.

మహేంద్రగిరి. పర్లాకిమిడి మీదుగా, 1500 మీటర్ల కొండ. బండి కండిషన్ బాగుంటేనే. వానల్లో వద్దు.

వాతావరణం

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ట్రిప్పు పెట్టుకుంటే శుక్రవారం వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా టికెట్ ఖాయం చేయొద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. వానాకాలంలో ఇంకో సంగతి: ఇక్కడ చినుకు లేకపోయినా ఒడిశాలో కురిస్తే నాగావళి, వంశధార పొంగుతాయి. ఎండ కాస్తోంది కదా అని కాజ్‌వే దాటడానికి ప్రయత్నించకండి.

తరచూ జరిగే పొరపాట్లు

మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి టైం లెక్కేయడం. హైవే మీద 60 కిలోమీటర్లు వేరు, ఊళ్ల మధ్య 40 కిలోమీటర్లు వేరు. లోపలి రోడ్లకు మ్యాప్ చెప్పినదానికి సగం కలపండి.

తిరుగు బస్సు అడగకుండా దిగిపోవడం. దిగేటప్పుడు కండక్టర్‌నే అడగండి, ‘ఆఖరి బస్సు ఎన్నింటికి, ఎక్కడ ఆగుతుంది’ అని. బస్టాప్‌లో కొట్టు ఉంటే అక్కడ ఇంకోసారి అడగండి. రెండు సమాధానాలు కలవకపోతే ముందు టైమునే నమ్మండి.

అన్నీ చివరి నెలకు అట్టే పెట్టడం. చివరి నెలలో పని పెరుగుతుంది, రిపోర్టులు రాయాలి, మీ తర్వాత వచ్చేవాళ్లకు అప్పగించాలి. దూరపు ట్రిప్పులు మొదటి రెండు నెలల్లోనే అవ్వాలి.

సొంత ట్రిప్పుల టికెట్లు, ఆఫీసు టూర్ టికెట్లు ఒకే కవర్లో వేయడం. టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు రాసేటప్పుడు తప్పుది జతపడితే బిల్లు వెనక్కి రావడమే కాదు, సంజాయిషీ రాయాలి. రెండు కవర్లు పెట్టి, టికెట్ల వెనక తేదీ, పని రాయండి. థర్మల్ కాగితం మీది అక్షరాలు నెలలో చెరిగిపోతాయి, అదే రోజు ఫొటో తీయండి.

సరిగ్గా నడుస్తోందా అని చూసుకోవడం

నెల తిరిగేసరికి క్యాలెండర్ తీయండి. సోమవారాలు పదిన్నర లోపు సీట్లో ఉన్నారా? శనివారం సాయంత్రం వచ్చిన అర్జంటు ఫోన్లు మొదటి వారం కంటే తగ్గాయా? తగ్గకపోతే గురువారం ఫోన్ మీరు మానేశారన్నమాట. రెండు ఆదివారాలు వరసగా గదిలో బట్టలుతుక్కుంటూ గడిచిపోతే లాండ్రీకి ఇచ్చేయండి. అలసటగా ఉంటే మాత్రం ఒక ఆదివారం ఏమీ పెట్టుకోకండి, అది ప్లాన్ తప్పినట్టు కాదు.

రిలీవ్ అయ్యే వారం ముందు ఆదివారం కూడా ఖాళీగా ఉంచండి. లాడ్జి లెక్క, పార్శిల్‌కు బండి, జీడిపప్పు ప్యాకింగ్, టీఏ బిల్లు డ్రాఫ్టు ఆ రోజే అవ్వాలి. రిలీవింగ్ ఆర్డర్‌లో తేదీ మధ్యాహ్నానికి ముందా తర్వాతా అన్నది సంతకం కాకముందే చదువుకోండి. టీఏ, జాయినింగ్ టైమ్ లెక్కలు దాని మీదే పడతాయి.